ఎర్రపెట్ట ముక్కులో ఈక

పెట్ట పొదుగుడుకొస్తే మా అత్తగారింట్లో దాని ముక్కులో ఈక గుచ్చేవాళ్లు. ఈ మాట చెబితే మా మనవరాళ్లు "అయ్యో పాపం" అని మళ్లీ వాళ్ల పనిలో పడిపోతారు. అయ్యో పాపంతో తీరేది కాదు నా మంట. ఆ ఈక ఎవరు గుచ్చారో, ఎందుకు గుచ్చారో, దాని వల్ల నా కాపురం ఎంతదాకా వచ్చిందో మొత్తం చెప్పాలి. ఎనభై దాటి మోకాళ్లు పట్టేసినా, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ లేచి ఎవరినైనా నాలుగు కడిగెయ్యాలనిపిస్తుంది. కడగడానికి వాళ్లెవరూ మిగల్లేదు. అందుకని రాస్తున్నాను.

కోళ్లు పెంచని వాళ్ల కోసం ముందు ఒక ముక్క చెబుతాను. పెట్ట గుడ్లు పెట్టినన్నాళ్లు పెట్టి, ఒకరోజు మానేస్తుంది. ఒళ్లంతా ఈకలు ఉబ్బరించుకుని, కుర్రు కుర్రుమని గొణుక్కుంటూ, మేత మీద ధ్యాస లేకుండా పోయి బుట్టలో కూర్చుంటుంది. కింద గుడ్లున్నా లేకపోయినా దానికి ఒకటే. చెయ్యి పెడితే పొడుస్తుంది. దానికి పిల్లలు కావాలి, అంతే. ఇంట్లోవాళ్లకేమో గుడ్లు కావాలి. కూర్చున్న పెట్ట గుడ్డు పెట్టదు కాబట్టి దాన్ని ఎలాగైనా లేపాలి. మా అత్త మొదట దాన్ని రెక్కలు పట్టుకుని నీళ్ల తొట్టిలో పొట్ట తడిసేదాకా ముంచేది. ఒంట్లో వేడి దిగుతుందట. దిగకపోతే గంప కింద మూసి మేత ఆపేది. అప్పటికీ మానకపోతే దాని రెక్కలోంచే ఒక ఈక పీకి, ముక్కుకు ఈ పక్క నుంచి ఆ పక్కకు దూర్చి వదిలేసేది. ముక్కుకు అడ్డంగా ఈక పెట్టుకుని, తల విదిలించుకుంటూ, కాలితో గీరుకుంటూ ఆ పెట్ట పెరడంతా పిచ్చిదానిలా తిరిగేది. ఆ బాధలో పిల్లల సంగతి మరిచిపోయేది. కొన్నాళ్లకు మళ్లీ గుడ్లకొచ్చేది.

మా అత్తగారి ఊరు గురజాల దగ్గర రైలు దిగి, మాచర్ల వైపు చేలకడ్డంపడి నడిస్తే వస్తుంది. నాపరాళ్లు పేర్చి కట్టిన ఇల్లు, పెరటి చుట్టూ నిలువెత్తు నాపరాళ్ల గోడ. నా పుట్టిల్లు రాజుపాలెం పక్క. కాపురానికొచ్చేటప్పుడు మా అమ్మ ఒక ఎర్రపెట్టను గంపలో పెట్టి, మీద పాతచీర కట్టి నాతో పంపింది. రైల్లో అది నా కాళ్ల దగ్గరే కూర్చుని వచ్చింది. తెచ్చిన బిందెలూ పళ్లేలూ వచ్చినరోజే అత్తగారివైపోయాయి. పోనీలే, ఎర్రపెట్ట ఒక్కటి నాది అనుకున్నాను. పిచ్చిదాన్ని.

అవి యుద్ధం రోజులు. మా ఆయన పెళ్లయిన ఏడాదికే, నేను కాపురానికొచ్చిన నెలలోపే, పట్టాళంలో చేరాడు. లారీ నడపడం నేర్పుతారని ఆశ. నేర్పారు కూడా. కాకపోతే ఆ లారీ ఎక్కడ తిరుగుతున్నదో, ఆయన ఎక్కడ ఉన్నాడో మాకు తెలిసేది కాదు. చేరిన తరవాత రెండుసార్లు సెలవు మీద వచ్చాడు. మొదటిసారి చలిజ్వరంతో వచ్చి సెలవంతా దుప్పటి కింద వణికాడు. కషాయం కాచి పోయడం, చెమట తుడవడం, అదీ మా కాపురం. రెండోసారి ఒళ్లు బాగానే ఉందిగాని, పట్టాళం మనిషిని చూడ్డానికి చుట్టుపక్కల నాలుగూళ్ల చుట్టాలు దిగారు. వాళ్లకు వండి వార్చేసరికే సెలవు అయిపోయింది. ఆయన సంచి సర్దుకుంటుంటే నేను వాకిట్లో అంట్లు తోముతున్నాను. ఇక పిల్లలెక్కణ్ణుంచి వస్తారు? ఈ మాట ఇంగితం ఉన్నవాళ్లెవరికైనా తడుతుంది. మా అత్తకు తట్టలేదు. ఊళ్లో అమ్మలక్కలెవరికీ తట్టలేదు. "కోడలికింకా ఏమీ లేదా?" అని ఆమెను అడగడం, ఆమె నిట్టూర్చి నా వంక చూడటం, ఇదే వరస.

కొడుకు పట్టాళానికి పోయాక మా మామకు తోచక పోయి, మాచర్ల నుంచి ఒక పందెం పుంజును తెచ్చాడు. అప్పటిదాకా పెరట్లో తిరిగిన మామూలు పుంజును దాని కోసం కోసేశారు. ఎందుకంటే ఇంకో పుంజు కూత వింటే ఇది రేగిపోయి తిండి మానేస్తుందట. దీన్ని వసారాలో గుంజకు కాలితాడు కట్టి ఉంచేవాడు. పొద్దున్నే నీళ్లలో ఈత, తరవాత ఒళ్లు పట్టడం, నానబెట్టిన జొన్నలు, రోజూ ఒక ఉడకబెట్టిన గుడ్డు. సొంత కొడుక్కి అంత సేవ చేశాడో లేదో నాకు తెలియదు. పెట్టల్ని మాత్రం దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పెట్టల జోలికి పోతే పుంజుకు కాలి బలం పోతుందని పందేలవాళ్ల నమ్మకం. పక్కింటి దూదేకుల వాళ్ల పుంజు గోడెక్కి మా పెరట్లోకి తొంగి చూస్తే రాళ్లేసి తరిమేవాడు.

గుడ్లు ఎవరికి కావాలో ఇప్పుడు అర్థమైందిగా? పెట్టలన్నీ కలిసి ఆ పుంజుకు గుడ్లు పెట్టిపోయాలి. ఏ పెట్టా కూర్చోకూడదు. కూర్చుంటే ముక్కులో ఈక.

ఎర్రపెట్ట మొదటిసారి పొదుగుడుకొచ్చినప్పుడు నేను చేలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి అది ముక్కుకు ఈకతో దొడ్డి మూల నిలబడి ఉంది. ముక్కు పక్కన నెత్తురు చుక్క. నా ఒళ్లు భగ్గుమంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని మెల్లగా ఈక లాగేశాను. అత్త చూసింది.

"ఏందే, కోడికి వకాల్తా పుచ్చుకున్నావా?"

"అది నా కోడి అత్తా. మా అమ్మ ఇచ్చింది. పొదగేసుకుంటే నాలుగు పిల్లలవుతాయి గదా."

"మరి పుంజుకు రోజూ గుడ్డు నీ మొగుడు పట్టాళం నుంచి పంపిత్తాడా? నీ కోడంట, నీ కోడి! తినేది ఎవరి గింజలే?"

మళ్లీ పట్టుకుని మళ్లీ గుచ్చింది. నేను మళ్లీ తీశాను. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. పెట్టమని నేనూ అడగలేదు. అప్పటి నుంచి ఎర్రపెట్ట ఎప్పుడు పొదుగుడుకొచ్చినా మా ఇంట్లో ఇదే తగాదా. ప్రతిసారీ గెలిచింది ఆమే. నేను చేలోకి పోక తప్పదు, ఆమె ఇంట్లో ఉండక తప్పదు. ఎంతసేపని కాపలా కాస్తాను?

ఇలా ఉండగా ఒక చలికాలం అత్తగారి తమ్ముడు ఈపూరు నుంచి వచ్చి నాలుగు రోజులున్నాడు. ఆయనకు పెళ్లీడుకొచ్చిన కూతురుంది. అక్కాతమ్ముళ్లు వసారాలో కూర్చుని గుసగుసలాడుకునేవాళ్లు. నేను మజ్జిగ తీసుకుపోతే మాట మార్చేవాళ్లు. ఆయన పోయిన మర్నాడు అత్త నన్ను పిలిచింది. ఆ రోజు గొంతులో ఎక్కడలేని తియ్యదనం.

"చూడు పిల్లా, మా పుట్టింటి వైపు ఒక ఆనవాయితీ ఉంది. కడుపు పండని పిల్ల తలంటిపోసుకుని, తడిజుట్టుతో తన చేత్తో కోడిని పొదగెయ్యాల. పిల్లలు లేచినయ్యంటే ఆ పిల్ల కడుపూ పండుద్ది. లెగవలేదంటే..."

"లెగవలేదంటే?"

"లెగవలేదంటే నీ దారి నువ్వు చూసుకోవాల. వంశం నిలబడాలి గదా. నా తమ్ముడి కూతురు ఉండనే ఉంది. అబ్బాయి ఈసారి సెలవుకొస్తే ముడేయించేత్తా."

చూశారా ఎంత తేలిగ్గా అనేసిందో. ఆ రోజుల్లో మొదటి పెళ్లాం ఉండగానే రెండో పెళ్లి చేసుకుంటే అడిగే నాథుడు లేడు. పుట్టింటికి పోయిన ఆడదాని బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా మేనత్త ఒకతి అలాగే వచ్చి మా ఇంట్లో పడింది. చచ్చేదాకా మా అమ్మ వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని, ఎవరేం పెడితే అది తిని బతికింది. నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆ పీట కళ్ల ముందు కనపడింది.

అయినా ఒప్పుకున్నాను. పొదగెయ్యడం నాకు చిన్నప్పటి నుంచి చేతనైన పని. మా అమ్మ వేసిన కోడి ఏనాడూ ఉత్తచేతులతో లేవలేదు. తట్టలో ఊక పోసి, పైన బూడిద చల్లి, ఉరుములకు చెడకుండా ఒక ఇనప మేకు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ పెట్టాను. ఇంట్లో గుడ్లే ఏరి, ఒక్కోదానికి పసుపు రాసి బొట్టు పెట్టాను. తడిజుట్టు వీపు మీద నీళ్లు కారుతుంటే, అప్పుడే మళ్లీ పొదుగుడుకొచ్చిన ఎర్రపెట్టను ఎత్తి వాటి మీద కూర్చోబెట్టాను. అది ఒక్కో గుడ్డునూ ముక్కుతో పొట్ట కిందికి తోసుకుని, రెక్కలు సర్దుకుని, కళ్లు మూసుకుంది. ఎన్నాళ్లకు దాని ముచ్చట తీరిందో! నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అత్త చెప్పిందని పశువుల కొట్టంలో గాలి తగలని మూల చూసి ఆ తట్ట పెట్టాను.

మూడు వారాలు దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాను. రోజుకొకసారి లేపి, జొన్నలు వేసి, నీళ్లు తాగించి, రెట్ట వేయించి మళ్లీ కూర్చోబెట్టేదాన్ని. మధ్యలో నేను బయటచేరాను. పుట్టింట్లో మాకు ఆ పట్టింపు అంతగా లేదుగాని, ఇక్కడ మూడు రోజులు పశువుల కొట్టంలోనే పడుండాలి. ఆ మూడు రోజులూ నేను ఈ మూల, ఎర్రపెట్ట ఆ మూల. దానికి మేత మాత్రం అత్తే వేసింది.

పిల్లలు లేవాల్సిన రోజు వచ్చింది. పోయింది. గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. చప్పుడు లేదు. మరో రోజు చూశాను, ఇంకో రోజు చూశాను. ఒక్క గుడ్డుకూ చిన్న బీట లేదు. ఎర్రపెట్ట మాత్రం లేవనే లేవలేదు. నా వంక చూస్తూ కుర్రు కుర్రుమంటూనే ఉంది.

అత్త నడిబజారులో అందరికీ వినపడేట్టు అందుకుంది.

"నేననుకుంటానే ఉన్నా! బయటచేరిన మడిసి నీడ పడినాక గుడ్లు నిలుత్తయ్యా? ముట్టు నీడకు పచ్చళ్లే బూజు పడతయ్యే, పసిగుడ్లు నిలుత్తయ్యా? దీని నీడే గొడ్డునీడ. దీని నీడ పడ్డచోట గడ్డి కూడా మొలవదు!"

నన్నే ఆ కొట్టంలో పడుకోమన్నది ఆమె. తట్టను అక్కడే పెట్టించింది ఆమె. నీడ మాత్రం నాదట! నేను తిరిగి ఒక్క మాట అనేలోపే గురజాల పోయేవాళ్ల చేత మా నాయనకు కబురు పంపింది, పిల్లను వచ్చి తీసుకుపొమ్మని.

నాయన వచ్చేసరికి నా ట్రంకుపెట్టెను వసారా అరుగు మీద పెట్టి ఉంచింది. నన్ను అడగకుండా నా చీరలు నాలుగూ దాంట్లో కుక్కి తాళం వేసింది. నాయన రైలు దిగి ఎండన పడి నడిచొచ్చాడు. కండువాతో మొహం తుడుచుకుని, అరుగు అంచున కూర్చుని, పెట్టె వంక చూసి తల దించుకున్నాడు. మా మామ ఒళ్లో పుంజును పెట్టుకుని దాని కాళ్లకు నూనె పట్టిస్తున్నాడు. వియ్యంకుడొచ్చాడని కూడా దాన్ని కిందికి దించలేదు.

"ఏం చేత్తాం బావా, దాని రాత అట్టా ఉంది" అన్నాడు నాయన.

నేను ఆ మాట పశువుల కొట్టంలోంచి విన్నాను. కన్న తండ్రి! ఒక్క మాట అడగలేదు. ఏం జరిగిందమ్మా అని లోపలికొచ్చి ఒక్క మాట అడగలేదు. రాతంట! సరిగ్గా అప్పుడే అత్త కొట్టంలోకొచ్చింది. ఎర్రపెట్టను లేపడానికి. ఖాళీగా కూర్చుని ఏం లాభం, మళ్లీ గుడ్లకు రావాలిగా, పుంజుకు గుడ్డు కావాలిగా! ఆమె వేళ్ల మధ్య అప్పటికే పీకిన ఈక ఉంది.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఈక లాక్కుని విరిచి పారేశాను.

"దీన్ని ముట్టుకుంటే మర్యాదగా ఉండదు అత్తా."

"ఓసి నీ జిమ్మడ! పోయే ముందు నా మీదకే చెయ్యెత్తుతావే?"

"నా నీడకు గుడ్లు చచ్చినయ్యిగా? రా, ఎట్టా చచ్చినయ్యో అందరం చూద్దాం."

ఎర్రపెట్టను పక్కకు దించి, తట్టతో సహా గుడ్లను వసారా ముందుకు తీసుకొచ్చాను. నా ఉద్దేశమల్లా వాటిని వాళ్ల ముందు పగలగొట్టి, ఆ కంపు వాళ్ల ముక్కులకు పట్టించి మరీ పోదామని. మొదటి గుడ్డును వసారా మెట్టు మీద వేసి కొట్టాను. అత్త పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాయన కండువా పెట్టుకున్నాడు.

కంపు రాలేదు.

నేను వంగి చూశాను. తెల్లసొన నీళ్లలా ఉంది. పచ్చసొన పచ్చసొనలాగే ఉంది. దాంట్లో నెత్తుటి చారైనా లేదు. కన్ను లేదు, ముక్కు లేదు, ఈక లేదు. మా అమ్మ ఇంట్లో చెడిన గుడ్డు ఎలా ఉంటుందో నేను చూడందేమీ కాదు. పొదిగినన్నాళ్లు పొదిగాక పిల్ల చచ్చిపోతే లోపల పిల్ల కనపడాలి. ఇంకో గుడ్డు కొట్టాను. అదీ అంతే. మరోటి కొట్టాను. అదీ అంతే. ఒక్క గుడ్డులోనైనా పిల్ల పుట్టిన జాడ లేదు. లేని పిల్లను నా నీడ ఎలా చంపింది?

అప్పుడు మామ ఒళ్లో పుంజు కూసింది. మెడ సాచి, ఊరంతా వినపడేలా కూసింది. నేను తలెత్తి దాని వంక చూశాను. దాని కాలితాడు చూశాను. ఆ తాడు కట్టిన గుంజను చూశాను. మా అమ్మ ఇంట్లో పుంజులు పెట్టల మధ్యే తిరిగేవి, అందుకే ఇన్నాళ్లూ నాకు ఆ ఆలోచనే రాలేదు. అంతే, నాకు మొత్తం తెలిసిపోయింది. తెలిసిపోయాక నోరు కట్టేసుకోవడం నా వల్ల కాలేదు.

"మావా, ఈ పుంజును తాడు విప్పి ఎన్నాళ్లయింది?"

"పుంజు సంగతి ఎందుకే మధ్యన?"

"ఎందుకంటే, అది పెట్టల మొహం చూసి ఏడాది దాటింది. ఉన్న పుంజును కోసుకు తిన్నారు. గోడెక్కిన పుంజును రాళ్లేసి తరిమారు. ఇంక ఈ గుడ్లలో పిల్ల ఎట్టా వస్తది? ఎర్రపెట్ట కూర్చోలేదా? మూడు వారాలు తిండీతిప్పలు మాని కూర్చోలేదా? దాని తప్పేంది ఇందులో?"

మామ మళ్లీ పుంజు కాలికి నూనె పట్టించడం మొదలెట్టాడు. అది చూడకపోతే అక్కడితో ఆగేదాన్నేమో.

"మీ పుంజు గుంజకుంటే గుడ్డు పిల్ల కాలేదు. మీ అబ్బాయి పట్టాళంలో ఉంటే నా కడుపెట్టా పండుద్ది? వచ్చినోడు ఒకసారి జ్వరంతో వచ్చె, ఒకసారి మీ చుట్టాల మధ్యన కూర్చుని పాయె. నేనొక్కదాన్నే కనాల్నా? రేపు మీ మేనకోడల్ని తెచ్చినా అబ్బాయి ఆడనే ఉంటే ఆ పిల్ల గతీ ఇంతే. అప్పుడు ఆ పిల్ల నీడను కూడా అంటావా అత్తా?"

ఆడపిల్ల అనకూడని మాట. మామ ముందు అనకూడదు, కన్న తండ్రి ముందు అసలే అనకూడదు. అన్నాను. అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది. మామ మొహం ఎర్రబడి, పుంజును చంకన పెట్టుకుని లోపలికి పోయాడు. నాయన మాత్రం అప్పుడు మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు.

ఇంతలో గోడ అవతల నుంచి నవ్వు వినపడింది. పక్కింటి దూదేకుల పెద్దావిడ, నేను పిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఎప్పటి నుంచి వింటున్నదో మరి, రాయెక్కి గోడ మీదుగా తల పెట్టింది.

"పిల్ల చెప్పింది నిజమే వదినా. మా పుంజు మీ గోడెక్కితే అన్న దాని కాలిరగ్గొట్టె గదా. మా ఇంట్లో మూడు పుంజులు తిరుగుతుండయ్యి. గుడ్లు నేనిస్తా, అవి పెట్టి చూడు. కోడి ఎట్టాగూ కూర్చునే ఉందిగా."

"సిగ్గులేని ముండ, దాన్ని ఎనకేసుకొస్తావేంది వదినా నువ్వు?" అంది అత్తగాని, గొంతులో మునుపటి ఊపు లేదు.

నాయన లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. పెట్టె ఎత్తుకుంటాడేమో అనుకుని నా ప్రాణం ఉసూరుమంది. ఎత్తుకోలేదు.

"చెల్లెమ్మా, ఈ పెట్టెను నేను మొయ్యను. దించినవాళ్లే లోపల పెట్టుకోండి" అన్నాడు. నా తల మీద చెయ్యి వేసి, మంచినీళ్లు కూడా తాగకుండా మళ్లీ ఎండన పడి స్టేషనుకు నడిచిపోయాడు. రాత అన్న మాటకు నాకు ఆయన మీద కోపం చాలాకాలం ఉందిగాని, ఈ మాటతో సగం తగ్గింది.

పెట్టెను ఎవరూ లోపల పెట్టలేదు. అత్త పంతం అత్తది. పిల్లలు లేస్తే అప్పుడు చూద్దాం అంది. నేనూ దాన్ని ముట్టుకోలేదు. చీర మార్చుకోవాలంటే అరుగు మీదే తాళం తీసి, తీసుకుని, మళ్లీ మూసేదాన్ని. దారిన పోయేవాళ్లు చూసేవాళ్లు. చూడనీ! పెట్టింది నేనా?

పిన్నమ్మ గుడ్లతో ఎర్రపెట్టను మళ్లీ పొదగేశాను. పాపం, అప్పటికే చిక్కి రొమ్ముటెముక తేలింది. ఈసారి పసుపు లేదు, బొట్టు లేదు, తడిజుట్టు లేదు. జొన్నలు నానబెట్టి, బుట్ట దగ్గరే కూర్చుని నా అరచేతిలో పెట్టి తినిపించాను. మధ్యలో ఎప్పటిలాగే బయటచేరాను. పశువుల కొట్టంలోకి పోయాను. పోయి నా మూల కూర్చోలేదు. పీట లాక్కొచ్చి సరిగ్గా తట్ట పక్కనే వేసుకున్నాను. పొద్దున ఎండ తలుపులోంచి వాలుగా పడుతుంది. ఆ ఎండకు నా నీడ నిండుగా ఎర్రపెట్ట మీద, తట్ట మీద పడేట్టు జరిగి జరిగి మరీ కూర్చున్నాను.

అత్త గడ్డి తీసుకోవడానికి వచ్చి చూసింది.

"ఏందే ఆ పని? లెగు!"

"నీడ సంగతేందో తేలాలి గదా అత్తా. తేలనీ."

"గుడ్లు చెడితే నాకు సమ్మంధం లేదు. నీ పెట్టె అరుగు మీదే ఉంది."

"నేనూ చూస్తూనే ఉన్నా."

ఆమె నా వంక అలా చూసి చూసి గడ్డి కూడా తీసుకోకుండా పోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల భయమే. చిన్నప్పటి నుంచి విన్న మాటలు అంత తేలిగ్గా పోవు. చెడితే నా కాపురం నా చేతులారా చెడగొట్టుకున్నట్టే. అయినా లేవలేదు. నా నీడ ఎవరినీ చంపదని ఎవరికి తెలియాలో వాళ్లకు తెలియాలి. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఈలోగా తిరునాళ్లొచ్చాయి. మామ పుంజును చంకనెత్తుకుని పోయాడు. అన్ని గుడ్లు మింగి, అన్ని నెలలు కాలి బలం దాచుకున్న ఆ పుంజు మొదటి పందెంలోనే చతికిలబడింది. సాయంత్రం దాన్ని తలకిందులుగా పట్టుకుని తెచ్చి వంటింట్లో పడేశాడు. ఆ కూర నేను రెండుసార్లు వేసుకుని తిన్నాను.

మరి కొన్నాళ్లకు ఒక పొద్దున కొట్టంలోకి పోతే ఎర్రపెట్ట గొంతు మారింది. కుర్రు కుర్రు కాదు, క్లుక్ క్లుక్‌మని మెత్తగా పిలుస్తోంది. రెక్క ఎత్తి చూశాను. తడి ఆరని పిల్లలు. కొన్ని లేచాయి, కొన్ని పెంకులు తన్నుకుంటున్నాయి. ఒక్క గుడ్డు తప్ప అన్నీ పిల్లలే. నేను అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చాను. ఆ ఏడుపు విని అత్త పరుగున వచ్చింది.

వచ్చి నిలబడిపోయింది. పిల్లల వంక చూసింది. తట్ట పక్కనే ఉన్న నా పీట వంక చూసింది. ఎర్రపెట్ట రెక్కలు విప్పి ఆమె మీదికి లేచింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

కాసేపటికి వసారాలో నాపరాళ్ల మీద ఇనుము గీసుకుంటున్న చప్పుడు వినపడింది. నేను లేచి తొంగి చూశాను. అత్త నడుం వంచి, నా ట్రంకుపెట్టెను రెండు చేతులతో లోపలికి ఈడుస్తోంది. సాయం పట్టమని నన్ను పిలవలేదు. నేనూ పోలేదు. గడప దాటించి, రొప్పుతూ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, లోపల పడుకున్న మామను కేకేసింది.

"ఏమయ్యో, అబ్బాయికి ఉత్తరం రాయించు. సెలవడిగి రమ్మను. జ్వరమొచ్చినప్పుడు కాదు, ఒళ్లు బాగున్నప్పుడు రమ్మను. చుట్టాలెవరికీ చెప్పమాక."

నాతో మాత్రం తప్పయిందని ఒక్క మాట అనలేదు.